పన్నెండో మంచం మామ్మ

పోయిన నెలలో శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో విజయనగరం బస్సెక్కి కూర్చున్నాను. బస్సు కదలబోతుంటే ఒకావిడ ఎండుచేపల గంపతో ఎక్కింది. గంప మీద గోనెపట్టా కప్పి, చుట్టూ తాడు బిగించి ఉంది. కండక్టరు ఏదో గొణిగాడు. ముందు సీట్లో ఇద్దరు కిటికీ అద్దాలు జరిపారు. ఆవిడ వెనక్కి వెళ్ళి, ఆఖరి సీటు పక్కన నేల మీదే చతికిలబడింది. నా చెయ్యి దానంతటదే పైటకొంగు అందుకుని ముక్కు దాకా వచ్చింది. అక్కడ ఆగింది. కొంగు కిందికి దించేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. చిలకపాలెం దాటిందాకా చూస్తూనే ఉన్నాను గాని, రోడ్డు మీద ఏం కనపడిందో అడిగితే చెప్పలేను. పన్నెండేళ్ళ కిందటి ఇంకొకావిడే నా కళ్ళ ముందు కూర్చుంది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. పేరు నాకు గుర్తుంది. కాని వార్డులో మేమెవ్వరం ఆ పేరుతో పిలవలేదు. ఆవిడ వయసు అరవై దాటి ఉండదు, అయినా అందరికీ మామ్మే.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో, గుండెజబ్బుల ఆడవాళ్ళ వార్డులో స్టాఫ్ నర్సుగా చేరి రెండేళ్ళయింది. నాకు పని బాగా వచ్చని నమ్మకం. సూది ఒక్కసారికే గుచ్చుతానని, చార్టులు తప్పుల్లేకుండా రాస్తానని పేరు కూడా ఉండేది.

మామ్మ వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు వాళ్ళది. పడుకోబెడితే ఊపిరాడదని కూతురు ఆటోలో కూర్చోబెట్టుకునే తీసుకొచ్చింది. మంచం మీద కూడా కూర్చోబెట్టే ఎక్కించాం. గుండె బలహీనపడి ఒళ్ళంతా నీరు పట్టేసింది. మోకాళ్ళ కింద చర్మం బిగిసి, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. కుడి ముంగాలి మీద నీటిబుడగ ఒకటి చిట్లి, పాదం మీదుగా చుక్కలు చుక్కలుగా నేల మీదికి నీరు కారుతోంది. అంత ఆయాసంలోనూ ఆవిడ ఆ నీటిని చూసి, కాలు పక్కకి జరుపుకుని, తన చీర చెంగుతో నేల తుడవబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

రెండు రోజుల్లో ఆక్సిజనూ ఇంజక్షన్లూ పనిచేసి ఆయాసం కాస్త తగ్గింది. తగ్గగానే నోరు లేచింది.

ఆవిడకి మనుషులు ఊళ్ళ ప్రకారం గుర్తుండేవాళ్ళు, ఊళ్ళు చేపల ప్రకారం. నలభై ఏళ్ళు తలమీద ఎండుచేపల గంపతో ఊరూరా తిరిగిన మనిషి. మీది ఏ ఊరని నన్ను అడిగింది. ఆమదాలవలస పక్కనని చెప్పాను. అటువైపు వాళ్ళు సన్నటి నెత్తళ్ళ చేపలు తప్ప కొనరని, అదీ గుప్పెడు కొసరు వేస్తే గాని గంప ఎత్తనివ్వరని చెప్పింది. అది నిజం. మా నాయనమ్మ అలాగే కొనేది. డాక్టరుగారు రౌండ్సుకి వస్తే ఆయన్నీ ఏ చేప తింటారని అడిగింది. ఆయన చేప తినరని తెలిసి చాలా జాలిపడింది. ఇంత చదువు చదివి ఏం లాభం పాపమని నాతో తర్వాత చెప్పి, ఆ జాలి రెండు మూడు రోజులు మోసింది.

మాత్రలిస్తే ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి మింగేది. వాసన లేనిది నోట్లో వేసుకోవడానికి తనకి మనసొప్పదనేది. బొటనవేలితో ముంగాలి మీద నొక్కి, గుంట పడితే, అది పూడటానికి ఎంతసేపు పడుతుందో కళ్ళార్పకుండా చూసేది. మా డాక్టరుగారు చేసే పరీక్ష సరిగ్గా అదే. ఆయన్ని చూసి నేర్చుకుందనుకున్నాను. కాదట. ఇసక మీద ఆరబోసిన చేప ఎండిందో లేదో చూడటం అలాగేనట.

"ఇంకా పచ్చిగానే ఉన్నాది పాపా," అని నాకు రోజూ చెప్పేది, పైఅధికారికి లెక్క చెప్పినట్టు.

ఈసీజీ తియ్యడానికి ఒంటి మీద గుండ్రటి బిళ్ళలు అతికిస్తాం. వాటిని ఆవిడ బొట్లనేది. మొదటిసారి అతికిస్తుంటే నవ్వుతూ నా మొహంలోకి చూసి, "మా ఆయన పోయినాక నాకు బొట్టెట్టినదానివి నువ్వే. అదీ ఒకటి కాదు, పది," అంది. పక్క మంచాలవాళ్ళు కూడా నవ్వారు.

నాలుగో రోజుకి ఆ బిళ్ళల కింద చర్మం ఎర్రగా కంది, చిన్న చిన్న పొక్కులు లేచాయి. సూది నిలబడటానికి చేతికి వేసిన ప్లాస్టరు తీస్తే పై పొర దాంతోపాటు ఊడొచ్చింది. గుండెజబ్బుతో ఆసుపత్రిలో పడి ఉన్నవాళ్ళ చర్మం నానిన కాగితంలా ఉంటుంది. గుండె సరిగా కొట్టుకోకపోతే చర్మానికి రక్తం అందదు. కింద నీరు నిలవుంటుంది. పైగా ఒకేచోట కదలకుండా ఉండాలి. కూర్చున్నచోట, ఆనుకున్నచోట ఎముకకీ పరుపుకీ మధ్య నలిగి కండ చచ్చిపోతుంది. ఇదంతా నాకు తెలియదా అంటే, పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను.

మామ్మ ఎప్పుడూ కూర్చునే ఉండేది. మంచం మీదికి భోజనం బల్ల లాగి, దాని మీద దిండు పెట్టి, దిండు మీద చేతులు, చేతుల మీద గెడ్డం. నిద్రా అలాగే. నీరు పోయే ఇంజక్షన్ల వల్ల గంటకోసారి బాత్రూముకి పోవాలి. గోడ పట్టుకుని తనే వెళ్ళేది. కూతుర్ని లోపలికి రానిచ్చేది కాదు.

మొదటి రోజే నేను వీపు చూడాలని అడిగాను. ఒకసారి ముందుకి వంగితే నడుం కింద దాకా చూస్తానన్నాను. ఆవిడ రెండు చేతులతో పరుపు అంచు పట్టుకుంది.

"ఈపుకేటయింది? జబ్బు గుండెకి కదా," అంది.

సిగ్గనుకున్నాను. బలవంతం ఎందుకనుకున్నాను. నాకు ఆ పూట ఇంకా ఎనిమిదిమంది ఉన్నారు.

చార్టులో చర్మం అని ఒక గడి ఉంటుంది. రోజూ వీపు, నడుం కింద, మడమలు, మోచేతులు చూసి, బాగుంటే టిక్కు పెట్టాలి. ఆవేళ మడమలు చూశాను, మోచేతులు చూశాను, వీపు రేపు చూద్దామనుకుని టిక్కు పెట్టాను. మర్నాడూ అంతే. మూడో రోజు నుంచి రేపు చూద్దామని కూడా అనుకోలేదు. టిక్కు పెట్టాను.

వారం తిరిగేసరికి వార్డులో వాసన మొదలైంది.

మామ్మ అప్పుడు నాలుగో మంచం. పక్కన ఐదో మంచంలో పట్నంలో బట్టల కొట్టున్న ఇంటి పెద్దావిడ ఉండేది. ఆవిడ కోడలు నా దగ్గరకొచ్చి, అత్తగారికి అన్నం సహించట్లేదని, ఆ చేపల వాసనకి కడుపులో తిప్పుతోందని చెప్పింది. చెడ్డ మనిషి కాదు, మెల్లిగానే చెప్పింది. నేను వెళ్ళి నిలబడితే నాకూ తెలిసింది. ఘాటుగా, నీచుగా ఏదో. మామ్మ కూతురు ఊళ్ళో పొద్దున్నే చేపలు ఆరబోసి, ఆ చీరతోనే ఆటో ఎక్కి వచ్చేది. సాయంత్రం దాకా తల్లి పక్కన కూర్చుని వెళ్ళేది. తల్లి తెచ్చుకున్న చీరలు కూడా ఆ ఇంట్లోవే. నాకు ఇంక ఆలోచించడానికేం మిగల్లేదు.

ఆ సంగతి నేను పదిమందీ వింటుండగానే చెప్పాను. ఇది ఆసుపత్రని, పక్కవాళ్ళకి ఇబ్బందిగా ఉందని, కూతుర్ని ఉతికిన చీర కట్టుకుని రమ్మన్నాను. మామ్మని ఒళ్ళు సబ్బుతో శుభ్రంగా తుడుచుకోమన్నాను. కూతురు తల దించుకుంది. మామ్మ మాత్రం దిండు మీంచి తలెత్తి నన్ను చాలాసేపు చూసింది. ఏదో చెప్పబోతోందనుకున్నాను.

"అలగే పాపా," అంది.

ఆ మధ్యాహ్నమే ఆవిడ మంచాన్ని పన్నెండో నెంబరుకి మార్చాం. వార్డు చివర, బాత్రూము గోడ పక్కన, కిటికీ దగ్గర. గాలి బాగా వస్తుందని నేనే ఆవిడతో చెప్పాను. అక్కడికి నర్సులు పిలిస్తే తప్ప వెళ్ళరని చెప్పలేదు.

మర్నాడు పొద్దున డ్యూటీకి వచ్చేసరికి మామ్మ నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటోంది. కూతురి చేత రెండు కాయలు తెప్పించుకుందట. అరచేతులు, వేళ్ళ సందులు, మోచేతుల దాకా. ప్లాస్టరుతో తోలు లేచిపోయిన చోట కూడా ఆగకుండా రుద్దుతోంది. అక్కడ ఎర్రగా చెమ్మ ఊరుతోంది. నేను ఆ చెక్క లాక్కుని, పుండు మీద నిమ్మరసం మండదా అని కేకలేశాను.

"మండితే మండనీ. పోతాదేమోనని," అంది. ఏం పోతుందో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ తర్వాత రెండు రోజులకి దిండు గలేబు మార్చబోతే లోపల నుంచి చిన్న గుడ్డమూట జారి పడింది. విప్పితే కల్లుప్పు. గుండె బలహీనపడి ఒళ్ళు నీరు పట్టినవాళ్ళకి ఉప్పు విషంతో సమానం. మామ్మకి వచ్చిన రోజు నుంచీ చప్పిడి కూడే. జన్మంతా ఉప్పులోనే బతికినదాన్ని ఇప్పుడు ఉప్పు తినద్దంటే ఎలాగని ఆవిడ మొదటి రోజుల్లో డాక్టరుగారితో వేళాకోళమాడింది కూడా. ఇంజక్షన్లు రెట్టింపు చేసినా వాపు అనుకున్నంత దిగట్లేదని ఆయన అప్పటికే చిరాగ్గా ఉన్నారు. ఇదన్నమాట కారణమని నాకు ఒళ్ళు మండింది.

డాక్టరుగారు రౌండ్సుకి రాగానే మూట చూపించాను. ఆయన మామ్మని గట్టిగా మందలించారు. దొంగతనంగా ఉప్పు తినేదానికి ఇంత వైద్యం ఎందుకన్నారు. కూతురు ఏడ్చింది, తల్లి చెయ్యి పట్టుకుని కుదిపేస్తూ ఎందుకిలాగ చేశావని అడిగింది. మామ్మ ఎవరి వైపూ చూడలేదు.

"తప్పయిపోనాది బాబూ," అంది డాక్టరుగారితో.

ఆ మూట నేను పట్టుకెళ్ళి సింకులో పోసి నీళ్ళు వదిలేశాను.

మూడు రోజులు గడిచాయి. ఆ మూడు రోజులూ మామ్మ మాటలు తగ్గాయి. కాలు నొక్కి చూసుకోవడం మానేసింది. ఉప్పు పట్టుబడినందుకు అలిగిందనుకున్నాం. నాలుగో రోజు పదకొండు గంటల వేళ కూతురు వచ్చి, అమ్మ ఒళ్ళు కాలిపోతోందని పిలిచింది. వెళ్ళి చూస్తే జ్వరం, వణుకు, కళ్ళు మూతలు పడుతున్నాయి. బల్ల జరిపి, పక్కకి తిప్పి పడుకోబెట్టబోయాం. చీర వెనక భాగం తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. మెల్లిగా లాగితే రాలేదు. సెలైన్ పోసి నానబెట్టి తీశాను.

ఏం చూశానో అంతా రాయను. నడుం కింద, వెన్నెముక ముగిసేచోట, అరచేయంత మేర నల్లగా చచ్చిన తోలు. దాని అంచు ఒకవైపు లేచిపోయి లోపల గుంట. అందులో సగం కరిగిన ఉప్పు రాళ్ళు రెండు మూడు ఇంకా ఉన్నాయి. వార్డులో వాసన అక్కడ పుడుతోంది. మామ్మ చేతుల్లోంచి కాదు, చీరల్లోంచి కాదు, ఆ పిల్ల ఆరబోసిన చేపల్లోంచి కాదు.

కూతురు కిటికీ ఊచ పట్టుకుని నిలబడిపోయింది. డాక్టరుగారిని పిలవమని ఆ అమ్మాయిని పంపించాను. మామ్మ గోడ వైపు తిరిగి ఉంది. నిద్రలో ఉందనుకున్నాను. లేదు.

"సూసీసినావా?" అంది.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను.

"ఒచ్చిన మూడోనాడో నాలుగోనాడో. ముందు మంటెత్తినాది. మరి మొద్దెత్తిపోనాది."

"నాకెందుకు చెప్పలేదు మామ్మా?"

ఒక్కో ముక్కా ఊపిరి కూడదీసుకుని చెప్పింది.

"ఎండుసేప వాసనకీ కుళ్ళు వాసనకీ తేడా నాకు తెల్దేటి పాపా? నలభయ్యేళ్ళు అదే పని సేసినాను. మీరందరూ సేపలన్నారు. సేపలే అనుకోనీ అనుకున్నాను. సేపల కంపుకైతే మూలకి తోస్తారు. కుళ్ళిపోనానని తెలిస్తే ఇంటికి తోలీస్తారు. ఇంటికాడ ఈ గాలిగొట్టం నేదు కదా."

"మరి ఆ ఉప్పు..."

"ఉప్పెడితే కుళ్ళు ఆగుతాది. నువ్వు అట్టుకుపోనావు."

ఆ మాటలో కోపం లేదు. నిష్ఠూరం కూడా లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. ఇన్నేళ్ళలో నన్ను చాలామంది తిట్టారు. పేషెంట్ల బంధువులు కొట్టడానికి కూడా వచ్చారు. అవేవీ గుర్తులేవు.

డాక్టరుగారు వచ్చారు. పుండు చూశారు. చార్టు తిరగేసి చర్మం గడి వెంట వేలు పెట్టి ఒక్కో రోజూ చూసుకుంటూ వచ్చారు. రోజూ టిక్కే. నా వైపు ఒకసారి చూసి, సర్జనుకి ఫోను చేశారు. హెడ్ నర్సు నన్ను పక్కకి పిలిచి, ఈ రోజు నుంచి ఉన్నది ఉన్నట్టు రాయమని, పాతవాటి జోలికి పోవద్దని చెప్పింది. అది తప్పని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. నేను పాతవాటి జోలికి పోలేదు.

సర్జను చచ్చిన కండ కోసి తీశారు. గాలి పరుపు తెప్పించారు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రెండు పూటలా కట్టు కట్టాలి. నా డ్యూటీ ఉన్నా లేకపోయినా పగటి కట్టు నేనే కడతానని చెప్పాను. పందొమ్మిది రోజులు కట్టాను. ఇది చేసిన పాపం కడుక్కోవడం అనుకుంటే పొరపాటు. ఆ పుండు ముందు కూర్చున్నంతసేపే నా మనసు కాస్త కుదురుగా ఉండేది.

మామ్మకి అప్పటికి దాచాల్సిందేమీ మిగల్లేదు. గోడ వైపు తిరిగి పడుకుని నాకు పని చెప్పేది. తన చేతికింద పనికి కుదిరినదాన్ని నేర్పించినట్టు చెప్పేది. మెత్తగా, తెల్లగా ఉన్నది ఉంచవద్దనేది. కత్తెర ఎక్కడ ఆగిందో కనపడకపోయినా ఎలాగో తెలుసుకునేది.

"ఎర్రగా రగతం కనపడిందా? కనపడిందాకా తీ. జాలిపడి ఒగ్గీకు. జాలిపడితే పక్కదీ పోతాది."

కట్టు అయిపోయాక రోజూ ఒకటే అడిగేది, ఇవ్వాళ కంపు తగ్గిందా అని. తగ్గిందని నేను రోజూ చెప్పేదాన్ని. నిజంగానే కొన్నాళ్ళు తగ్గింది కూడా. అంచుల్లో గులాబీ రంగు కండ పుడుతుంటే సర్జనుగారు బాగుందన్నారు.

ఒకరోజు కట్టు విప్పుతుండగా తనంతట తనే ఒక సంగతి చెప్పింది. పెళ్ళయిన కొత్తలో ఆరబోసిన కానాగంత చేపలు మొత్తం అకాల వానకి తడిసిపోయాయట. రెండు రోజులు ముసురు. ఎండ లేదు. మొగుడు గోతిలో పూడ్చేద్దామన్నాడు. ఆవిడ వినలేదు. వాన వెలిశాక ఒక్కొక్క చేపనే పట్టి, నొక్కి, వాసన చూసి, చెడిపోయిన ముక్క వరకు కోసి పారేసి, మిగిలింది మళ్ళీ ఉప్పు నీళ్ళలో కడిగి ఆరేసింది. పొద్దు పొడిచింది మొదలు పొద్దు కుంకేదాకా వంగిన నడుం ఎత్తలేదు.

"సగం దక్కినాది పాపా. అంతా పోతాదనుకున్నది సగం దక్కినాది," అంది.

నాకు ధైర్యం చెప్పడానికి చెప్పిందో, తనకి తను చెప్పుకుందో తెలియదు. ఊరికే గుర్తొచ్చి చెప్పిందేమో కూడా. ఆ రోజు నా కత్తెర మాత్రం జాలిపడి ఎక్కడా ఆగలేదు.

విచిత్రమేమిటంటే, ఆ రోజుల్లోనే గుండె తేరుకుంది. నీరంతా దిగిపోయింది. బిగిసిన కాళ్ళు సన్నబడి, చర్మం ముడతలు పడి, ఎముక మీద వదులుగా వేలాడింది. మామ్మ ఒకసారి పడుకునే కాలు ముడుచుకుని, బొటనవేలితో నొక్కి చూసుకుంది. గుంట పడలేదు. ఇప్పుడు ఎండిందని నాకు చూపించి నవ్వింది. వచ్చిన రోజు కంటే గుండె ఎంతో మెరుగని డాక్టరుగారు కూతురికి చెప్పారు. ఆక్సిజను గొట్టం తీసేశారు. గొట్టం లేకుండా ఊపిరి తీసుకోవడం మామ్మ రెండు రోజులు ఒక వింతలా చెప్పుకుంది. ఐదో మంచం పెద్దావిడ ఇంటికి వెళ్ళిపోతూ కోడలి చెయ్యి పట్టుకుని వార్డు చివరిదాకా నడిచి వచ్చింది. పేరు పేరునా అందరికీ చెప్పి వెళ్తున్నాననే వంకతో వచ్చి, మామ్మ కాళ్ళ మీద దుప్పటి సర్ది వెళ్ళింది.

పదిహేడో రోజు మళ్ళీ జ్వరం వచ్చింది. ఈసారి పుండులోని విషం రక్తంలోకి పాకింది. మందులు మార్చారు. బీపీ నిలబడలేదు. మామ్మ మాటలు తడబడ్డాయి. నన్ను చూసి, ఎవరో ఊరి మనిషనుకుని నెత్తళ్ళున్నాయి, తియ్యమంటావా అని అడిగింది. తియ్యమన్నాను. పందొమ్మిదో రోజు ఉదయం కట్టు కట్టి చేతులు కడుక్కుంటుండగా కూతురు పిలిచింది. నేను వెళ్ళేసరికి డాక్టరుగారు కూడా పక్క మంచం దగ్గర నుంచి పరుగున వచ్చారు. చెయ్యగలిగినవన్నీ చేశారు. పది నిమిషాల్లో అయిపోయింది.

ఆ వీపూ నడుమూ నేనే ఆఖరిసారి తుడిచి, పొడి గాజుగుడ్డ పెట్టి, పైన చీర చుట్టాను. కూతురు ఊరి నుంచి తెచ్చిన చీర. సబ్బు వాసన వేస్తోంది, కనీసం రెండుసార్లు ఉతికి ఉంటుంది. ఇంక ఎవరికీ అక్కర్లేని ఉతుకు.

మరణానికి కారణం గుండె విఫలమవడం అని కాగితంలో రాశారు. పుండు మాట అందులో లేదు. రాసింది డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు, కుర్రవాడు, నాకంటే చిన్న. అతను రాసింది అబద్ధమని అనలేను. గుండె ఆగే కదా ఎవరైనా పోయేది.

కాగితాలు ఇచ్చి కూతురి చేత సంతకం పెట్టించింది నేనే. కింద వ్యాను సిద్ధంగా ఉంది. ఊరి నుంచి వచ్చిన ఇద్దరు మగవాళ్ళు డ్రైవరుతో మాట్లాడుతున్నారు. ఆ అమ్మాయి మెట్ల దగ్గర ఆగిపోయింది. నా వయసే ఉంటుంది, లేదా రెండేళ్ళు పెద్ద. చాలా రోజులుగా లోపల తిప్పుకుంటున్న మాట అక్కడ అడిగింది.

"ఆ పుండు ఎలగొచ్చినాదమ్మా? రోజల్లా పక్కనే కూకున్నాను. నానే సరిగ్గా సూడనేదేటి? నా వల్లే పోనాదేటి మాయమ్మ?"

కిందనుంచి మగవాళ్ళు పిలుస్తున్నారు. ఆ పిల్ల అటు తిరగలేదు. నా మొహం వైపే చూస్తోంది, నేనేం చెప్తే అదే నమ్మడానికి సిద్ధంగా.

"నీ వల్ల కాదు," అన్నాను. "గుండెజబ్బు వాళ్ళకి ఒక్కోసారి అలా వస్తుంది. నీ తప్పేం లేదు."

అందులో ప్రతి ముక్కా నిజమే. ఆ పిల్ల మొహంలో బిగుసుకున్నదేదో వదిలింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఏడ్చింది. నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. నేను వెనక్కి లాక్కోలేదు. తర్వాత మొహం తుడుచుకుని, మెట్లు దిగి, వ్యాను వెనక భాగంలో తల్లి తల దగ్గర కూర్చుంది.

మరి ఎవరి తప్పని ఆ పిల్ల అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నా? ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు, చివరికొచ్చేసరికి ఆ జవాబు దొరుకుతుందనుకున్నాను. చెప్పేదాన్నే అని రెండుసార్లు రాసి, రెండుసార్లూ కొట్టేశాను.